అసిరినాయుడు, పన్నెండు పలకలు

పలక 1. ఏడో రోజు.

కూర్చున్న మనిషి: ముద్దాడ అసిరినాయుడు, నలభై ఆరేళ్ళు, గాలిబావి పనివాడు. పోయిన మనిషి: భార్య సన్యాసమ్మ, ఊపిరి జ్వరం. తూకం: ఎనభై ఎనిమిది.

పనిపుస్తకంలో ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలని పంచాయతీ నిబంధన. చాలదని నా అభిప్రాయం. ఇరవై రెండేళ్ళుగా, ఎండకు తాళలేక కొండ కింద తవ్వుకున్న ఈ లోఊరిలో, ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ ముఖాలు ఫోటో తీస్తున్నాను. నాలుగు ముక్కల్లో ఇమిడిన ముఖం ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. అందుకే పుస్తకం వెనక పేజీల్లో నా గోల నేను రాసుకుంటాను. ఎవరూ అటు తిప్పి చూడరు.

పొద్దున్నే పుట్టగొడుగుల మళ్ళకు నీళ్ళు చల్లి, గది గోడల చెమ్మ తుడిచి, కెమెరా మీద గుడ్డ తీసేసరికి అసిరినాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తనంతట తాను రాలేదు. వెనక మరదలు పోలమ్మ ఉంది. సన్యాసమ్మకు చెల్లెలు.

“నువ్వు సెప్పు అప్పా, కూకోమని. నాను సెప్తే ఇనడు,” అంది. మా వైపు అక్కను అప్పా అంటారు.

కూర్చున్నాడు. ఎటు చూడాలని అడగలేదు. గాజు పలక మీద బొమ్మ పడాలంటే నాలుగు లెక్కపెట్టేంత సేపు కదలకూడదు. కొత్తవాళ్ళు మూడు దగ్గర ఊపిరి పీల్చి అంతా పాడుచేస్తారు. ఇతను నలభై లెక్కపెట్టినా కదిలేలా లేడు.

గోడ అద్దాల్లో ఫోటో క్షణంలో వస్తుంది కదా, ఈ గాజు ముక్కలెందుకని పిల్లలు అడుగుతుంటారు. అద్దాలకు మర్యాద ఎక్కువ. ఏడ్చిన కళ్ళకు వాపు తీసేస్తాయి, చెంపకు రంగు పూస్తాయి, పెదవి చివర కాస్త పైకి లాగుతాయి. మా ఇంటి అద్దంలో నాకిప్పటికీ ముప్పై ఐదేళ్ళే. గాజు పలకకు ఆ మర్యాద తెలియదు. అందుకే తూకం యంత్రానికి పలకే పెట్టాలి. యంత్రం ముఖాన్ని చదివి, మనిషిలో దుఃఖం వందకు ఎంతో చెబుతుంది. వారానికి ఒక పలక చొప్పున పన్నెండు వారాలు తీస్తాం. పన్నెండో పలకలో నలభై కిందికి దిగితే మనిషిని పనిలోకి పంపుతారు. దిగకపోతే నెమ్మది మందు వేస్తారు.

పలక 2. పద్నాలుగో రోజు. తూకం: ఎనభై ఎనిమిది.

కదలలేదు. అంకె కూడా కదలలేదు.

ఊరికి గాలి దింపే గాలిబావి పనికి ఇద్దరు కావాలి. బయట ఎండ ముదిరేలోగా, ఉదయం ఏడుకు కొండ మీది తలుపులు మూసేలోగా, ఒకరు తాడు కట్టుకుని బావిలోకి దిగి గాలిరేకుల మీద దుమ్ము దులపాలి. ఒకరు పైన తాడు పట్టుకోవాలి. పందొమ్మిదేళ్ళు అతను దిగాడు, ఆవిడ పట్టుకుంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని రోజూ పనికెళ్ళడం అంటే ఏమిటో నాకు తెలియదు. ఒకప్పుడు తెలిసేదేమో.

పలక 3. ఇరవై ఒకటో రోజు. తూకం: ఎనభై ఏడు.

డాక్టరు హైమావతి వచ్చి మూడు పలకలూ వెలుగుబల్ల మీద పెట్టి చూసింది. ఈ మనిషికి మందు తప్పదేమో, ముందే మాట్లాడి ఉంచండి అంది.

ఆవిడను తిట్టుకోవాలని ఉంటుంది కానీ తిట్టుకోలేను. పన్నెండేళ్ళ క్రితం కొడుకు పోయిన మనిషి ఒకడు, పదో రోజే పనిలోకి దిగి, తూర్పు వరస ఇళ్ళ గాలిరేకు తెరవడం మరిచిపోయాడు. గాలి ఆడక నిద్రలోనే తొమ్మిది మంది పోయారు. పలకలూ తూకాలూ మందూ అన్నీ ఆ తర్వాత పుట్టిన నిబంధనలే. అంతకుముందు ఇంటివాళ్ళు ఓదార్పు కోసం నా చేత ఫోటోలు తీయించుకునేవారు.

ఆ తొమ్మిది మందిలో నా భర్త ఒకడు. పేరు తెలుసు, ముఖం తెలుసు, పప్పులో చింతపండు ఎక్కువ వేయమనేవాడని తెలుసు. తెలియడం వరకే. మందు మొట్టమొదట తీసుకున్నవాళ్ళలో నేనున్నాను. అది జ్ఞాపకాన్ని తీసుకుపోదు. దాన్ని మన మీద నుంచి విప్పేస్తుంది. ఇప్పుడు ఆయన నాకు ఎప్పుడో పక్క గదిలో అద్దెకున్న మనిషి. బాధ లేదు. అదే నా బాధ అని చెబితే డాక్టరమ్మకు అర్థం కాదు.

పలక 5. ముప్పై ఐదో రోజు. తూకం: ఎనభై ఐదు.

ఇవాళ తప్పు చేశాను. ఇరవై రెండేళ్ళలో ఇది రెండోది. మొదటిది రాయను.

తెల్లవారుజామున ఫ్యాను ఆగిపోయింది. గదిలో గంట సేపు గాలి ఆడలేదు. ఆ కంగారులో నల్లరేకు పెట్టడం మరిచాను. గాజు మాకు కరువు. తూకానికి ముఖమొక్కటే కావాలి కాబట్టి, రేకు అడ్డం పెట్టి ఒకే పలక మీద ఇద్దరిని తీస్తాం, సగంలో ఒకరు, సగంలో ఒకరు. అసిరినాయుడి తర్వాత తవిటమ్మ రావాలి. ఆవిడకు అత్తగారు పోయింది. మొదటి పలకకే తూకం పన్నెండు వచ్చింది. యంత్రం పాడైందనుకుని మళ్ళీ పెట్టి చూశాను. యంత్రం బాగానే ఉంది.

రేకు లేకపోయేసరికి పలక మొత్తం అసిరినాయుడే నిండిపోయాడు. తవిటమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పలక కడిగి వెలుగుకు పట్టుకున్నాను. ముఖం ఎప్పటిలాగే మూసిన తలుపు. దాని కింద, నేను ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ తీయని చోట, రెండు చేతులు ఉన్నాయి. గుండె ముందు పిడికిలి మీద పిడికిలి పెట్టి, కణుపులు తెల్లబడేలా దేన్నో పట్టుకున్నాడు. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఎంతమంది చేతులను ఇలా కోసి పారేశానో అనుకుంటే సిగ్గేసింది. గట్టిగా సిగ్గేసింది.

పలక 6. నలభై రెండో రోజు. తూకం: ఎనభై ఆరు.

ఈసారి కావాలనే రేకు పెట్టలేదు. మళ్ళీ అవే పిడికిళ్ళు. తవిటమ్మకు వేరే పలక వాడాను. గాజు గది గుమాస్తా ఒక పలక ఎక్కువైందేమని అడిగితే పగిలిందన్నాను. వయసు మీద పడితే అబద్ధాలు తేలిగ్గా వస్తాయి. అంతకంటే తేలిగ్గా నమ్ముతారు.

పలక 8. యాభై ఆరో రోజు. తూకం: ఎనభై మూడు.

ఇవాళ మొదటిసారి మాట్లాడాడు. నాలుగు లెక్కపెట్టి కెమెరా మూత వేశాక కూడా లేవలేదు.

“అప్పా, మందేసుకున్నావు గదా. ఎలగుంటాది?”

“నొప్పుండదు,” అన్నాను.

“ఆలు గుర్తుంటాదా?”

“గుర్తుంటాది.”

“మరేటి పోతాది?”

పలక తీసి గుడ్డలో చుడుతూ చెప్పాను.

“గుర్తొస్తే సల్లగుంటాది తమ్ముడా. మా ఆయన పేరు ఎవులైనా ఎత్తితే, ఎవులి గురించో సెప్తన్నారనుకుంతాను. ఏడుద్దామని శానా సార్లు కూకున్నాను. రాదు. కన్నీళ్ళు రాలేదని ఏడుపొస్తాదేమోనని సూసినాను. అదీ రాలేదు.”

అతను నా ముఖంలోకి చాలా సేపు చూశాడు. ఇన్ని వారాలలో నేను అతన్ని చూడటమే కానీ అతను నన్ను చూడటం ఇదే మొదలు.

“నాకొద్దు,” అన్నాడు. “నాకా మందొద్దప్పా. ఎంత నొప్పున్నా సరే, ఆలి నొప్పి నా కాడే ఉండనీ.”

వెళ్ళిపోయాక తలుపు గడియ వేసుకున్నాను. వీడిని మందు నుంచి తప్పించాలి. ఎలాగో తెలియదు. కానీ తప్పించాలి.

పలక 9. అరవై మూడో రోజు. తూకం: డెబ్బై తొమ్మిది.

పిడికిళ్ళు విడిపోయాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పడి ఉన్నాయి, ఎవరో ఆ చేతుల్లోది లాక్కుపోయినట్టు. యంత్రానికి ఇది కనబడదు. దానికి ముఖమే కావాలి. ముఖం ఇంకా మూసిన తలుపే.

ఐదో పలక నుంచి తొమ్మిదో పలక దాకా వరసగా పెట్టి చూశాను. లోపల ఏదో నడుస్తోంది. ఎటు నడుస్తోందో నాకు చదవడం రావడం లేదు.

పలక 10. డెబ్బయ్యో రోజు. తూకం: ముప్పై ఎనిమిది.

యంత్రం గీసిన అంకె చూసి పోలమ్మ ఎగిరి గంతేసింది. బావ గండం గట్టెక్కాడని మా వరసలో అందరికీ బెల్లం ముక్కలు పంచింది. నేనూ ఒకటి తిన్నాను. తింటూ పలక వైపు చూశాను.

ముఖం నవ్వుతోంది. కళ్ళ చివర ముడతలతో సహా, ఎంత కావాలో అంత నవ్వు. చేతులేమో ఒకదాన్నొకటి గోళ్ళతో గీరుతున్నాయి. బొటనవేలి పక్కన రక్తం చుక్క కూడా పలక మీద నల్లగా పడింది.

మధ్యాహ్నం అతని గదికి వెళ్ళాను. అద్దం ముందు పీట వేసి ఉంది.

“ఎన్నాల్లు నేర్సుకున్నావు?” అని అడిగాను.

దాచలేదు. “వారం. పొద్దున్నా సాయంత్రం. అద్దం సూపినట్టు నవ్వడమే. కష్టం గాదు.”

“ఈ నవ్వెట్టుకుని బావిలోకి దిగుతావా?”

“దిగమంతే దిగుతాను.”

“దిగి, మద్దెలో ఆలు గుర్తొచ్చి సెయ్యి ఆగిపోతే? మా ఆయన్ని సంపినోడు కూడా ఇలాగే దిగినాడు నాయుడా. మంచోడే. పనిలోకెల్తే మనసు కుదుటపడుతాదని అందరూ పంపితే ఎల్లినాడు.”

అతని ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. “అయితే సెప్పీ. డాక్టరమ్మకి సెప్పీ, మందేసీమను,” అని అరిచాడు. “నువ్వేసుకున్నావు గదా, నాకూ ఏయించు. మన ఇద్దరం సల్లగా కూకుందాం!”

ఆ మాట గట్టిగానే తగిలింది. తగిలినందుకు లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది. నాకు ఏదైనా తగిలి చాలా ఏళ్ళయింది.

పుస్తకంలో పదో పలక ఎదురుగా “చెల్లదు. కూర్చున్న మనిషి ముఖం తనది కాదు” అని రాసి సంతకం చేశాను. పోలమ్మ నాతో మాట్లాడటం మానేసింది. బెల్లం ముక్క మాత్రం తిరిగి అడగలేదు.

పలక 11. డెబ్బై ఏడో రోజు. తూకం: అరవై ఏడు.

రాడనుకున్నాను. వచ్చాడు. నన్ను పలకరించలేదు, తిట్టనూ లేదు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. వారం నుంచి పొద్దున్నే కొండ మీదికి పోయి మూడో బావి గట్టు మీద కూర్చుంటున్నాడట. పని చేయనివ్వరు కాబట్టి ఊరికే తాళ్ళకు నూనె పెట్టి, పీచులు లేచిన చోట అల్లి వస్తున్నాడట. ఈ సంగతి పోలమ్మ చెప్పింది, నాకు కాదు, నేను వింటుండగా గోడకు.

చేతులు మళ్ళీ మారాయి. ఎడమ చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి పైకి, వేళ్ళు వదులుగా ఉన్నాయి. కుడి చెయ్యి నడుము పక్కన గట్టిగా మూసుకుని ఉంది. ముఖంలో దుఃఖం ఉంది, ఎవరైనా చదవగలిగేంత ఉంది. తలుపు తీసిన ముఖం అది.

నాలుగు లెక్కపెట్టి మూత వేశాను.

పలక 12. ఎనభై నాలుగో రోజు. తూకం: అరవై నాలుగు.

చేతులు అలాగే ఉన్నాయి. అంకె నలభై దగ్గరికి కూడా రాలేదు. రేపు పంచాయతీ.

ఎనభై ఐదో రోజు.

పంచాయతీ గదిలో డాక్టరు హైమావతి, గాలిబావుల మేస్త్రి గొర్లె దాలయ్య, అసిరినాయుడు, పోలమ్మ, నేను. డాక్టరమ్మ పన్నెండో అంకె చదివి, కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది.

“అరవై నాలుగు. నేను మాత్రం ఏం చేయను నూకరత్నంగారూ? ఇతన్ని దింపి, రేపు ఎవరికైనా ఏదైనా అయితే మీ ముఖం చూడగలనా?”

ఆ చివరి మాట నా కోసమే అని అందరికీ తెలుసు.

ఐదు నుంచి పన్నెండు దాకా పలకలు వెలుగుబల్ల మీద వరసగా పేర్చాను, పదోదానితో సహా. ఒక్కడికే నిండు పలకలు వాడినందుకు నన్నేం చేస్తారో చేసుకోండి, ముందు ఇవి చూడండి అన్నాను. డాక్టరమ్మ ముఖాలే చూసింది, అలవాటు కొద్దీ. దాలయ్య వంగాడు. ఆయనకు డెబ్బై దాటాయి. ముక్కు గాజుకు ఆనేంత వంగి, ఒక్కో పలక మీదుగా వేలు జరుపుకుంటూ వెళ్ళాడు.

“ఇది కిందపట్టు,” అన్నాడు ఐదో పలక దగ్గర. “దిగీవోడు తాడిలాగే పట్టుకుంతాడు, గుండెకాడ, పిడికిలి మీద పిడికిలి. ఇదీ అదే. ఇదీ అదే.” తొమ్మిదో పలక దగ్గర ఆగాడు. “ఇక్కడ తాడు తెగిపోనాది.” పదోదాని మీద వేలు పెట్టలేదు. పదకొండు దగ్గర ఆయన గొంతు మారింది. “ఒరే అసిరీ! ఇది పైపట్టు గాదేటిరా? ఎడం సేత్తో తాడు వొదులుతారు, కుడి సేత్తో ఆపుతారు. ఇది సన్యాసమ్మ పట్టు.”

ఇన్ని వారాలుగా నా ముందున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోటో తీయడం వేరు, చదవడం వేరు. దానికి తాడు పట్టిన మనిషి కావాలి.

అసిరినాయుడు లేచి నిలబడ్డాడు. “నాను బావిలోకి దిగనమ్మా. దిగమన్నా దిగను. పైన ఆలుండేది గాబట్టి పందొమ్మిదేళ్ళు బయం నేకుండా దిగినాను. ఇకమీదట దిగీవోడికి పైన నానుంతాను. ఆ పనీండి. నా ఏడుపు నాకుంచీండి.”

డాక్టరమ్మ వెంటనే తల ఊపి ఉంటే నేను ఆవిడ్ని నమ్మేదాన్ని కాదు. ఊపలేదు.

“ఫోటోలో ఉన్నవి ఖాళీ చేతులు,” అంది నెమ్మదిగా. “తాడు చివర నిజంగా మనిషి వేలాడుతుంటే, అప్పుడు సన్యాసమ్మ గుర్తొస్తే?”

న్యాయమైన ప్రశ్న. దాలయ్య గడ్డం గోక్కున్నాడు. ఎవరో ఒకరు దిగి చూడాలి.

“నాను దిగుతాను,” అన్నాను.

“నీ బరువుకి తాడాగాలి గదప్పా,” అంది పోలమ్మ. పదిహేను రోజుల తర్వాత అదే నాతో మొదటి మాట.

ఎనభై ఆరో రోజు. పదమూడో పలక. ఇది నిబంధనల్లో లేదు.

ఆరు గంటలకు మూడో బావి మీద ఉన్నాం. కొండ అంచున ఎండ అప్పుడే తగులుతోంది. దాలయ్య నన్ను కూర్చునే చెక్కకు కట్టి, ఒళ్ళో కెమెరా పెట్టి, దానికీ ఒక తాడు బిగించాడు. కెమెరా నా ఇష్టం. ఏదో ఒకటి చేతిలో లేకపోతే భయంతో చచ్చేదాన్ని. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇదేం పోయేకాలమని నన్ను నేనే తిట్టుకున్నాను.

గట్టు మీద అసిరినాయుడు ఇనుప గుంజ చుట్టూ తాడు తిప్పి, నడుము వెనక నుంచి తెచ్చి, ఎడమ చెయ్యి చాచాడు. నా కాళ్ళ కింద నేల పోయింది.

దిగుతుంటే పై నుంచి లెక్క వినబడింది. ఒక బార, రెండు బారలు, మూడు. ప్రతి అంకె తర్వాత కాస్త ఆగి “సరేనా” అని అడుగుతున్నాడు. నేను “సరే” అంటేనే మరో బార వదులుతున్నాడు. సన్యాసమ్మ అలాగే అడిగేదని దాలయ్య తర్వాత చెప్పాడు. పదో బార దగ్గర గొంతు వణికింది. పన్నెండో బార దగ్గర అంకెలు మాటల్లా లేవు. ఏడుస్తున్నాడు. గట్టిగా, సిగ్గు లేకుండా, బావి అంతా మోగేలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే “సరేనా” అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. రాకపోతే తాడు అక్కడే ఆగింది. వేలెడు కూడా జారలేదు.

వీపు ఒక గోడకు, కాళ్ళు ఎదుటి గోడకు ఆనించి కెమెరా పైకి తిప్పాను. గుండ్రటి ఆకాశం, దాని అంచున వంగిన మనిషి, పక్క నుంచి పడుతున్న పొద్దుటి ఎండ. మూత తీసి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూత వేశాను. అప్పుడు “సరే” అన్నాను.

ఏడు కొట్టేలోగా పైకి లాగారు. అసిరినాయుడు నన్ను పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాడు. ముఖమంతా తడిగా ఉంది, తుడుచుకోలేదు. తాడు చుట్టలు చుట్టి పక్కన పెట్టేదాకా ఇంకో పని ముట్టుకోలేదు.

కింద గదిలో పలక కడిగి వెలుగుబల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ చూసింది.

“ముఖం రాలేదు,” అంది.

నిజమే. నాలుగు అంకెల సేపూ ముఖం కదులుతూనే ఉంది. కళ్ళెక్కడో నోరెక్కడో తెలియదు, పొగలా చెదిరిపోయింది. తూకం యంత్రం చదవడానికి అందులో ఏమీ లేదు. దాని కింద రెండు చేతులు మాత్రం గీసినట్టు పడ్డాయి. కుడి చేతి మీద నరాలు లెక్కపెట్టవచ్చు, తాడు పురులు లెక్కపెట్టవచ్చు.

“ఏడ్సినాడమ్మా,” అన్నాను. “తాడు వొదల్లేదు.”

ఆవిడ యంత్రం మీట దాకా చెయ్యి తీసుకెళ్ళి వెనక్కి తీసుకుంది. నా పనిపుస్తకం లాక్కుని తానే రాసింది: తూకం వేయలేదు. మందు అక్కరలేదు. మూడో బావి మీద రేపటి నుంచి తాడు అసిరినాయుడిది.